ముగ్గులేయడం నేర్పితే డబ్బులిస్తారా?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. రాజమండ్రిలో ఉంటాం. తొమ్మిదేళ్ళుగా సాయంత్రాలు ఇంట్లో పిల్లలకు డ్రాయింగ్ చెబుతున్నాను. కిందటేడు హైదరాబాద్‌లో మా పిన్ని కూతురి పుట్టినరోజుకు ‘పెయింట్ పార్టీ’ పెట్టారు. ఎప్పుడూ బ్రష్ పట్టని వాళ్ళు కూడా రెండు గంటలు కూర్చుని, తలో బొమ్మ వేసుకుని, నవ్వుకుంటూ ఇంటికి పట్టుకెళ్ళారు. అప్పటి నుంచి మా ఊళ్ళో నేనూ అలాంటివి చెయ్యాలని ఉంది. కానీ నేను బీఎఫ్ఏ (చిత్రకళలో డిగ్రీ) చదవలేదు. నాకు బొమ్మలు అంత గొప్పగా రావు. పిల్లలకైతే చెప్పగలను, పెద్దవాళ్ళ ముందు నిలబడితే నోరు పెగలదు. తెలిసినవాళ్ళను డబ్బులడగడం అసలు చేతకాదు. మా అత్తగారు ‘ముగ్గులేయడం నేర్పితే ఎవరైనా డబ్బులిస్తారా?’ అని నవ్వేశారు. మావారేమో చేస్తే పెద్దగానే చెయ్యి, దానవాయిపేటలో గది అద్దెకు తీసుకుందాం, రెండు లక్షలు పెడదాం అంటున్నారు. ఆ మాట వింటే ఇంకా భయమేస్తోంది. ఆర్నెల్లుగా రేపు, మాపు అంటూ గడిపేస్తున్నాను. ఇది నావల్ల అవుతుందంటారా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

సమాధానం: మీ ఉత్తరంలో ఉన్న భయాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. రెండు లక్షలు పెడదామన్నప్పుడు వేసిందే, ఆ భయం. దాన్ని పోగొట్టుకోకండి. మీవారి మనసు మంచిదే, కానీ గది అద్దెకు తీసుకుంటే ఆషాఢంలోనూ అద్దె కట్టాలి, పరీక్షల నెలలోనూ కట్టాలి. పార్టీలేమో సీజన్‌ని బట్టి వస్తాయి. పైగా ఈ పనికి గది అక్కర్లేదు. పార్టీ పెట్టుకునేవాళ్ళింటి హాలు, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్, మేడ మీద షామియానా, ఏదైనా సరిపోతుంది. సంచి భుజాన వేసుకుని మీరే వెళ్తారు. పదిమందికి సరిపడా బ్రష్‌లు, ఐదు పెద్ద అక్రిలిక్ రంగు సీసాలు, మొదటి విడత కాన్వాస్ బోర్డులు, పాత చొక్కాలు చాలకపోతే కొన్ని ఏప్రన్లు, అన్నీ కలిపి నా అంచనాలో ఐదారు వేలు. ఈజెళ్ళు (కాన్వాస్ నిలబెట్టే స్టాండ్లు) కూడా ఇప్పుడే వద్దు. బల్ల మీద పడుకోబెట్టి వేస్తే రంగు కారదు, కొత్తవాళ్ళకు అదే సుఖం.

ఇక ‘నాకు బొమ్మలు అంత గొప్పగా రావు’ అన్నారే, ఆ మాట దగ్గర కొంచెం ఆగుదాం. నేను పన్నెండేళ్ళుగా ఇలాంటి వర్క్‌షాపులు చేస్తున్నాను. వచ్చినవాళ్ళలో పదికి తొమ్మిదిమంది గుమ్మంలోకి అడుగుపెడుతూనే అనే మొదటి మాట ఒకటే: ‘నాకు బొమ్మలు రావండీ’. డాక్టర్లంటారు, బ్యాంకు మేనేజర్లంటారు, ఇంట్లో రోజూ గీతలు గీసే టైలరమ్మ కూడా అంటుంది. మీరు నాకు రాసింది అక్షరాలా అదే వాక్యం. ఆ భయం మీకు లోపలి నుంచి తెలుసు. బీఎఫ్ఏలో గోల్డ్ మెడల్ వచ్చిన కుర్రాడు ఒకడు నా దగ్గర కొన్నాళ్ళు సాయంగా ఉన్నాడు. చెయ్యి తిరిగిన ఆర్టిస్టు. కానీ అతిథులు ఎక్కడ ఆగిపోతున్నారో అతనికి అర్థమయ్యేది కాదు. చెట్టు కొమ్మ వెయ్యడంలో కష్టమేముంటుంది అన్నట్టు చూసేవాడు. పాపం, అతని తప్పు కాదు. తను నేర్చుకున్న రోజులు తనకు గుర్తులేవు.

చదువు సంగతికొస్తే, మీ ఊరి కథే చెబుతాను. దామెర్ల రామారావు పేరు మీకు చెప్పక్కర్లేదు, ఆయన పేరున్న ఆర్ట్ గ్యాలరీ మీ ఊళ్ళోనే ఉంది. ఆయనలో చిత్రకారుణ్ణి కనిపెట్టి వెన్నుతట్టి పంపినాయన డ్రాయింగ్ మాస్టారు కాదు. గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. సరదాకి నీటిరంగులు వేసుకునే దొర. దామెర్ల బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్ళి చదివింది ఆ తర్వాత. మీరు దామెర్లలను తయారు చెయ్యబోవడం లేదనుకోండి. శనివారం సాయంత్రం పదిమందిని కూర్చోబెట్టి, భయం పోగొట్టి, చేతికి బ్రష్ ఇస్తారు, అంతే. దానికి సర్టిఫికెట్ ఎవరూ అడగరు. నన్ను ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

మీ అత్తగారి మాట మాత్రం నాకు భలే పనికొచ్చింది. ఆవిడ నవ్వుతూ అన్నా, ఈ వ్యాపారంలో అసలు గుట్టు ఆవిడ నోటి నుంచే వచ్చింది. చుక్కల ముగ్గు ఎలా నేర్చుకున్నామో ఒకసారి గుర్తుచేసుకోండి. ‘15 చుక్కలు, 8 వరకు సందు చుక్క’ అని రాసి ఉంటుంది. చుక్కలు సరిగ్గా పడితే చాలు, బొమ్మలు రానివాళ్ళ చేతిలో కూడా తామరపువ్వు విచ్చుకుంటుంది. చెయ్యి వణికినా, ఎక్కడికి వెళ్ళాలో చుక్క చెబుతుంది. పెయింట్ పార్టీ అంటే సరిగ్గా అదే. ఖాళీ కాన్వాస్ ముందు మనిషిని ఒంటరిగా వదిలేస్తే బిగుసుకుపోతుంది. నాలుగు చుక్కలు పెట్టిచ్చామా, చెయ్యి కదులుతుంది. ఆ చుక్కలు ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించి పెట్టుకోవడమే మీ పని, డబ్బులు దానికే ఇస్తారు.

ఇది నాకు మొదటిరోజే తెలిసి ఉంటే బాగుండేది. నా మొదటి పార్టీ ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, పన్నెండుమంది ఆడవాళ్ళు. నా పనితనం చూపించాలని నెమలిని పెట్టాను. పింఛంతో సహా. రెండు గంటలన్నది నాలుగు గంటలైంది. మూడో గంటలో పిల్లలు స్కూలు నుంచి వచ్చేశారు. ఒకావిడ ఫోన్లో ‘వచ్చేస్తున్నా, కన్ను ఒక్కటే మిగిలింది’ అని ఇంటికి చెబుతోంది. చివరికి ఏడుగురు సగం నెమళ్ళతో వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళి పూర్తిచేస్తామన్నారు, చెయ్యలేదని నాకు తెలుసు. సగం బొమ్మను గోడకు ఎవరు తగిలిస్తారు? మంచం కింద పెడతారు, దాంతోపాటు మన పేరూ మంచం కిందకే పోతుంది.

అందుకని ఇప్పుడు నాకో పద్ధతి ఉంది. ఏ బొమ్మయినా ముందు ఫోన్లో టైమర్ పెట్టుకుని నేను మూడుసార్లు వేస్తాను. నాకు నలభై నిమిషాలు పట్టిందంటే అతిథులకు రెండు గంటలు. నాకే గంట పడితే ఆ బొమ్మ పార్టీకి పనికిరాదు. నాలుగోసారి, బొమ్మల జోలికి రానివాళ్ళెవరినైనా కూర్చోబెట్టి వేయిస్తాను. మీకైతే మీవారున్నారు. రెండు లక్షలు పెడతానన్న మనిషి రెండు గంటలు కూర్చోలేరా? ఆయన ఎక్కడ ఆగి ‘ఇప్పుడేం చెయ్యాలి?’ అంటారో అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. పార్టీలో పదిమందీ అక్కడే ఆగుతారు.

మొదటి బొమ్మ ఏది పెట్టాలా అని వెతుక్కునే అవస్థ మీకు లేదు. గోదావరి మీద సాయంత్రం, వెనక ఆర్చి వంతెన. నిజం వంతెనకు 28 ఆర్చీలుంటే మీ కాన్వాస్‌కు మూడు చాలు. ఆకాశం, నీళ్ళు రెండూ అవే రంగులు కాబట్టి వెడల్పు బ్రష్‌తో అడ్డంగా లాగేస్తే పాతిక నిమిషాల్లో కాన్వాస్ నిండిపోతుంది. తెల్లటి బోర్డు మాయమైపోవడంతో సగం భయం అక్కడే పోతుంది. తర్వాత పావుగంట టీ. అక్రిలిక్ పలుచగా వేస్తే ఆ వ్యవధిలో ఆరుతుంది. వానాకాలం మీ గోదావరి గాలికి ఇంకొంచెం పట్టొచ్చు, అప్పుడు కాన్వాసులన్నీ ఫ్యాన్ కింద పరచండి. ఆరాక వంతెన. అడ్డగీత మీద నాలుగు చుక్కలు, వాటి పైన సందు చుక్కలు మూడు. కింది చుక్క నుంచి పై చుక్క మీదుగా పక్క చుక్కకి వంపు తిప్పితే ఆర్చి వచ్చేస్తుంది. చూశారా, మీ అత్తగారి ముగ్గే! చివర ఒక పడవ, నీళ్ళలో దాని నీడ, మూలన సంతకం. సంతకం మర్చిపోనివ్వకండి. చాలామంది తమ పేరు కాన్వాస్ మీద రాసుకోవడం జీవితంలో అదే మొదటిసారి. ఆ క్షణంలో మొహాలు చూడాలి మీరు.

రంగులు ఐదే: తెలుపు, పసుపు, ఎరుపు, నీలం, నలుపు. తెలుపు మాత్రం రెట్టింపు కొనండి, ఎప్పుడూ ముందు అయిపోయేది అదే. నలుపు మీ దగ్గరే ఉంచుకుని వంతెన దగ్గరే వడ్డించండి. ముందే ప్లేట్లో వేశారా, ఆకాశం బురదవుతుంది.

పెద్దవాళ్ళ ముందు నోరు పెగలదన్నారు. పిల్లలకు, పెద్దలకు ఉన్న తేడా నేను చూసినంతలో చెబుతాను. పిల్లలు తమ బొమ్మనే చూసుకుంటారు. పెద్దవాళ్ళు ఇరవై నిమిషాలవగానే పక్కవాళ్ళ బొమ్మ చూస్తారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది. ‘నీది భలే వచ్చిందే, నాది చూడు, చండాలం’ అని ఒకరు అంటారు, ఆ మాట దగ్గులా బల్లంతా పాకుతుంది. అప్పుడు ఉపన్యాసం చెప్పకండి. అందరినీ లేపి, కాన్వాసులు గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి జరగమనండి. దగ్గర్నుంచి మరకలా కనిపించింది దూరం నుంచి సాయంకాలంలా కనిపిస్తుంది. మాటల అవసరమే ఉండదు.

ఇంకో సంగతి. పిల్లల బొమ్మను మనం చనువుగా దిద్దేస్తాం, అలవాటు మీకూ ఉండే ఉంటుంది. పెద్దవాళ్ళ కాన్వాస్ మీద అడగకుండా బ్రష్ పెట్టకండి. ‘నేను చెయ్యి వెయ్యనా, మీరే వేస్తారా?’ అని అడగండి. ఎక్కువమంది వెయ్యమంటారు, కానీ అడిగినందుకు సంతోషిస్తారు. అందరికీ ఒకేలా ‘సూపర్, సూపర్’ అనడం కూడా మానండి, అబద్ధమని వాళ్ళకు తెలుస్తుంది. నిజంగా బాగున్న చోటు ఒకటి వెతికి చెప్పండి: ‘ఈ నారింజ రంగు ఎలా కలిపారండీ?’ అంటే చాలు. మాటలు రావేమోనన్న టెన్షన్ ఉంటే, మీరు చెప్పాల్సినవి పది వాక్యాలే, కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. నేను ఇప్పటికీ పెట్టుకుంటాను. పదిమంది దాటితే మాత్రం పక్కన ఒక సాయం ఉండాలి. మీ దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఇప్పుడు ఇంటర్, డిగ్రీ చదువుతున్నవాళ్ళు ఉంటారు కదా, పిలిచి ఎంతో కొంత చేతిలో పెట్టండి.

మీరు భయపడని విషయాలు రెండున్నాయి. భయపడాల్సినవి అవే. అక్రిలిక్ తడిగా ఉన్నంతసేపు నీళ్ళతో, సబ్బుతో పోతుంది. ఆరిందంటే బట్టను వదలదు. ఒకసారి సీమంతం పార్టీలో ఒకావిడ కంచిపట్టు చీరతో వచ్చింది. ఏప్రన్ ఇచ్చాను, పైన కట్టుకుంది. పమిట చెంగు మాత్రం వెనక కుర్చీ మీదుగా పక్కావిడ ప్లేట్లోకి జారింది. నీలం రంగు. ఆవిడ పెద్దమనసుతో ఏమీ అనలేదు గానీ, ఆ చీర డ్రైక్లీనింగ్ డబ్బులు నేనిచ్చాను, ఆ పార్టీ మీద నాకు మిగిలింది సున్నా. అప్పటి నుంచి ఆహ్వానం మెసేజ్‌లో తేదీ తర్వాతి వాక్యమే ‘పాత బట్టలతో రండి’. రెండోది, రంగు నీళ్ళు. వాటికి పెరుగు డబ్బాలు వాడండి. స్టీలు గ్లాసుల్లో మాత్రం పెట్టొద్దు. బ్రష్ కాఫీలో ముంచినవాళ్ళను చాలామందినే చూశాను, రంగు నీళ్ళు తాగబోయినావిణ్ణి ఒకసారి చూశాను. అది చాలు.

ఇప్పుడు మీ అసలు సమస్య. బొమ్మలు, చదువు, నోరు పెగలకపోవడం, ఇవన్నీ ముందు వరుసలో నిలబెట్టిన మనుషులు. వెనకాల దాక్కున్నది మొహమాటం. మొహమాటం మీద మనకున్న సామెతను ఇక్కడ రాయలేను, మీకు తెలిసే ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. ధరలు నేను ఉజ్జాయింపుగా రాస్తున్నాను, మీ ఊరి షాపులో అడిగి మళ్ళీ వేసుకోండి. ఒక్కరికి కాన్వాస్ బోర్డు 100, రంగులు 40, బ్రష్‌ల అరుగుదల 20, ప్లేటు, పాత పేపర్లు, టిష్యూలు 10, టీ టిఫిన్ 60. మొత్తం 230 రూపాయలు. మనిషికి 700 తీసుకున్నారనుకోండి. పదిమంది వస్తే 7,000, ఖర్చులు 2,300 పోగా 4,700. బాగుంది కదా? ఇప్పుడు గంటలు లెక్కెయ్యండి. పార్టీ రెండు గంటలే. బజారుకు వెళ్ళిరావడం, సాధన, ఫోన్లు, ముందుగా వెళ్ళి సర్దడం, అయ్యాక బ్రష్‌లు కడగడం, అన్నీ కలిపి ఎనిమిది గంటలు. గంటకు 590 లోపే. ఇప్పుడు మొహమాటానికి పోయి ‘మనవాళ్ళే కదా, 350 ఇవ్వండి చాలు’ అన్నారు, ఆరుగురే వచ్చారు. చేతికొచ్చింది 2,100, ఖర్చు 1,380. మిగిలింది 720. గంటకు 90 రూపాయలు. ఆటో ఖర్చు ఇంకా తియ్యలేదు. ఇలాంటివి మూడు చేశాక మీరే మానేస్తారు. ‘రాజమండ్రిలో ఇలాంటివి నడవవు’ అని అందరికీ చెబుతారు. నడవనిది ఊరు కాదు, ఆ 350.

డబ్బు మాట చెప్పడానికి కష్టంగా ఉండేది పార్టీ అయ్యాక చెబితే. ముందే చెబితే కష్టం లేదు. మెసేజ్‌లోనే రాసెయ్యండి: తేదీ, చోటు, మనిషికి ఇంత, అందులో ఏమేం వస్తాయి, సగం ముందుగా ఫోన్‌పే చేస్తే సీటు ఖాయం. నోటితో చెప్పక్కర్లేదు, కాగితం చెబుతుంది. అడ్వాన్స్ తీసుకోవడంలో ఇంకో లాభం, ‘వస్తాం వస్తాం’ అన్న పదిమందిలో వచ్చేదెవరో తేలిపోతుంది. బోర్డులు లెక్కప్రకారం కొనొచ్చు. ఎవరైనా ‘మాకు కూడానా?’ అంటే ‘మీకైతే ఒక టీ ఎక్కువ’ అని నవ్వేసి ఊరుకోండి. నేను బేరానికి ఒప్పుకునేది ఒక్కచోటే, ఎనిమిదిమందిని పోగేసుకుని వచ్చిన మనిషికి తన సీటు ఉచితం. ఆవిడ మన పని చేసిపెట్టింది కాబట్టి అది బేరం కూడా కాదు.

మొదటిది ఫ్రీగా చెయ్యనా అని అడుగుతారేమో. వద్దు. మొదటిదానికి సామాను ఖర్చయినా తీసుకోండి. ఫ్రీగా వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు, కానీ నిజం చెప్పరు. డబ్బిచ్చినవాళ్ళు చెబుతారు, కనీసం మళ్ళీ రాకపోవడం ద్వారా.

ఎవరొస్తారన్నది మీరు అడగలేదు, కానీ అడగాల్సిన ప్రశ్న. అమెరికాలో ఇలాంటివి వైన్ గ్లాసుతో పెరిగాయి. 2005లో కత్రినా తుపానుకు దెబ్బతిన్న న్యూ ఆర్లీన్స్ ప్రాంతంలో ఇద్దరు స్నేహితురాళ్ళు 2007లో ఒక స్టూడియో మొదలుపెట్టారు. నలిగిపోయిన మనుషులకు ఓ సాయంత్రం ఊపిరి పీల్చుకునే చోటు కావాలన్నది ఆలోచన. అదే తర్వాత ‘పెయింటింగ్ విత్ ఎ ట్విస్ట్’ పేరుతో దేశమంతా ఫ్రాంచైజీలైంది. మీరు వైన్ సంగతి వదిలెయ్యండి, మిరపకాయ బజ్జీ చాలు. వదిలెయ్యకూడనిది ఆ ఊపిరి. కిట్టీ పార్టీలు, పుట్టినరోజులు, వేసవి సెలవులు మీకు తెలిసినవే. వినాయక చవితికి మట్టి బొమ్మలకు రంగులు, దీపావళికి ప్రమిదలు పెట్టొచ్చు, పిల్లలు, పెద్దలు కలిసి కూర్చుంటారు.

నాకు మాత్రం ఎక్కువ ఆశ పెళ్ళిళ్ళ మీద. పెళ్ళికి కొబ్బరిబోండాన్ని అలంకరిస్తాం, పీటలు, కుండలు అలంకరిస్తాం. ఇప్పుడవన్నీ షాపులో రెడీమేడ్‌గా తెచ్చేస్తున్నారు, అన్నీ ఒకేలా తళతళలాడుతూ. అదే పెళ్ళికి నాలుగు రోజుల ముందు పెళ్ళికూతురి పిన్నులు, అత్తలు, వదినలు, స్నేహితురాళ్ళు కూర్చుని ఆ బోండాం మీద వాళ్ళ పేర్లు రాసి, పీటల అంచులకు లతలు గీస్తే? నేనిది రెండుచోట్ల చేయించాను. ఒకచోట తొంభై దగ్గరపడ్డ నాయనమ్మగారు పీట మీద వేసిన మెలిక ముగ్గు చూసి మా అందరి బ్రష్‌లు ఆగిపోయాయి. పెళ్ళిలో ఆ పీట మీద కూర్చునే ముందు పెళ్ళికొడుకు ఒక నిమిషం తటపటాయించాడట, తొక్కబుద్ధి కాలేదని. ఇలాంటిది రెడీమేడ్ షాపు ఇవ్వలేదు. పెళ్ళివాళ్ళు తలకింత అని లెక్కపెట్టరు, మొత్తం ఇంత అని మాట్లాడుకుంటారు, మీ మొహమాటానికి అది ఇంకా సులువు.

కొన్ని జాగ్రత్తలు చప్పున చెప్పేస్తాను. బాపు బొమ్మ పెట్టమని తప్పకుండా అడుగుతారు. ఆయన 2014లో పోయారు. మన చట్టంలో చిత్రకారుడి తర్వాత 60 ఏళ్ళు హక్కులుంటాయి, అంటే 2074 చివరిదాకా. డబ్బు తీసుకుని చేసే పార్టీలో ఆ బొమ్మలు దింపించడం సరికాదు. రవివర్మ 1906లో, మీ దామెర్ల 1925లోనే పోయారు కాబట్టి వాళ్ళ చిత్రాలతో ఆ ఇబ్బంది లేదు. ఇంటర్నెట్లో కనిపించిన బొమ్మలన్నీ మనవి కావు. మీరే గీసుకోండి, టైమర్‌కు సరిపోయేలా గీసుకోవడం కూడా అప్పుడే కుదురుతుంది. చేరియాల్ బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ కావాలని ఎవరైనా అడిగితే, ఆ పని తరతరాలుగా చేస్తున్నవాళ్ళను పిలిచి, వాళ్ళకు ఫీజు ఇచ్చి చెప్పించండి. రెండు గంటల్లో మనం నేర్పేది అది కాదు, అదని చెప్పడం న్యాయమూ కాదు. ఇక సర్కారు సంగతి: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆధార్‌తో ఆన్‌లైన్లో ఉచితంగా అయిపోతుంది, చేసిపెడతామని డబ్బులడిగే సైట్లకు పోకండి. సేవల మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే కదా, దాటిన రోజు నాకు ఇంకో ఉత్తరం రాయండి.

నిజం కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో ఆఫీసుల వాళ్ళు టీమ్ అవుటింగ్ పేరుతో పాతికమందిని పంపుతారు. మీ ఊళ్ళో ఆ రాబడి అంత తేలిగ్గా ఉండదు. మొదటి నాలుగు పార్టీలకు మీ చుట్టాలు, మీ దగ్గరికొచ్చే పిల్లల తల్లులు వస్తారు. వాళ్ళంతా అయిపోయాక ఐదో పార్టీకి ఎవరొస్తారన్నదే అసలు పరీక్ష. అందుకని పిల్లల క్లాసులు మానొద్దు. ఐదారు వేలకు మించి పెట్టొద్దు. నాలుగు పార్టీలు చెయ్యండి, నెలకొకటి చొప్పున. ఆ నాలుగింటిలో, మీకు బొత్తిగా పరిచయం లేకపోయినా, ఎవరో చెబితే విని డబ్బు కట్టి వచ్చినవాళ్ళు ముగ్గురైనా ఉంటే, ముందుకెళ్ళండి. ఒక్కరూ లేకపోతే ఆపెయ్యండి. బ్రష్‌లు పిల్లల క్లాసుకు పనికొస్తాయి, పోయేదేమీ లేదు.

తేదీ మాత్రం ఈ వారంలోనే వేసెయ్యండి. ఆరుగురు చాలు. మెసేజ్ రాయడానికి చెయ్యి రాకపోతే పైన చెప్పిన వాక్యాలే యథాతథంగా పెట్టండి. ఏడో కుర్చీ మీ అత్తగారిది. వంతెన దగ్గరికి వచ్చేసరికి చుక్కలు పెట్టే పని ఆవిడకే అప్పజెప్పండి, అందరి కాన్వాసుల మీదా ఆవిడ చేతే పెట్టించండి. ఆవిడకూ ఒక బోర్డు ఉంచండి. పట్టుచీర వద్దని మాత్రం ముందే చెప్పండి.